టెలివిజన్ సీరియళ్ల టైటిల్ పాట: నిడివి తగ్గిన చరిత్ర

9.1 పరిచయం

"పేర్లు పడుతున్నాయి, తొందరగా రండి!" అనే పిలుపు వినని తెలుగు ఇల్లు ఒకప్పుడు అరుదు. సినిమాహాలులోనైనా, ఇంట్లో టీవీ ముందైనా దాని అర్థం ఒకటే. కథ ఇంకా మొదలుకాలేదు, కానీ ఇక ఎక్కువ సేపు ఆగదు. వంటింట్లో ఉన్నవారు చేతులు తుడుచుకుని రావడానికి, బయట అరుగు మీద కూర్చున్నవారు లోపలికి వచ్చి చాప పరుచుకోవడానికి ఆ కాస్త సమయం సరిపోయేది. ఇప్పుడు ఆ పిలుపు పెద్దగా వినబడటం లేదు. పిలిచేలోపే పేర్లు అయిపోతున్నాయి.

1990లలో మొదలైన తెలుగు సీరియళ్లకు పల్లవి, చరణం ఉన్న పూర్తి పాట ఉండేది. నేడు చాలా సీరియళ్లలో కథ నేరుగా మొదలవుతుంది. రెండు మూడు నిమిషాల తర్వాత సీరియల్ పేరు ఒక చిన్న వాద్యధ్వనితో మెరిసి మాయమవుతుంది. ఈ మార్పు ఎలా వచ్చిందో, దానివల్ల ఎవరికి లాభం కలిగిందో, ఎవరు ఏమి కోల్పోయారో ఈ పాఠంలో పరిశీలిద్దాం. రాజ్యాలు, ఉద్యమాలు చదివే చరిత్ర విద్యార్థికి సీరియల్ పాటతో పనేమిటన్న సందేహం రావచ్చు. ఇంట్లో సమయం ఎలా గడిచేది, శ్రమ చేసినవారి పేరు నలుగురికీ ఎలా తెలిసేది అన్నవి సామాజిక చరిత్రలో చిన్న ప్రశ్నలు కావు. ఈ పాట ఆ రెండింటినీ ముట్టుకుంటుంది.

9.2 నాంది, ప్రార్థన, దరువు

కథకు ముందు పాట పెట్టడం టెలివిజన్ కనిపెట్టిన పద్ధతి కాదు. ఉత్తర తెలంగాణలో ఒగ్గు కథ చూసినవారికి ఈ సంగతి విడిగా చెప్పనక్కరలేదు. మల్లన్న కథైనా, బీరప్ప కథైనా ముందు డోలు, తాళం మోగాలి, దేవతల స్తుతి జరగాలి. అప్పటికి గాని జనం కూడరు. చిందు యక్షగానంలో పాత్ర రంగం మీదికి వచ్చేటప్పుడు ప్రవేశ దరువు ఉంటుంది. తానెవరో, తన గొప్ప ఏమిటో పాత్ర తన నోటితోనే పాడి చెబుతుంది. పద్యనాటకాల కాలంలో తెర లేవకముందు నటీనటులంతా నిలబడి ప్రార్థనగీతం పాడేవారు.

ఈ సంప్రదాయాలలో ముందుపాట రెండు పనులు చేసిందని గమనించండి. ఒకటి, జనాన్ని పోగుచేయడం. రెండు, ఎవరు ఎవరో చెప్పడం. రాత్రంతా సాగే ప్రదర్శనలో అరగంట పూర్వరంగం ఎవరికీ భారం కాలేదు. అరగంట ప్రసారంలో నిమిషంన్నర పాట ఎందుకు భారమైందన్నదే మన ముందున్న ప్రశ్న.

9.3 దూరదర్శన్ కాలం

భారతదేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైంది. తెలుగు గ్రామాలలో కొన్నింటికి అది మొదట చేరింది 1975-76లో జరిగిన సైట్ ప్రయోగం ద్వారా. ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాలలోని దాదాపు 2400 గ్రామాలకు కార్యక్రమాలు పంపిన ఆ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఊరికి ఒకే సెట్టు, దాని ముందు ఊరి జనం. 1976 ఏప్రిల్ 1న దూరదర్శన్ ఆకాశవాణి నుంచి వేరుపడింది. 1977 అక్టోబరు 23న హైదరాబాద్ కేంద్రం ప్రారంభమైంది.

ఆ రోజుల్లో ఛానల్ ఒక్కటే. ప్రేక్షకుడు మరో చోటికి పోయే అవకాశం లేదు. పోగలిగితే టీవీ కట్టేసి పోవాలి. కాబట్టి ఆరంభాన్ని తొందరగా ముగించాలన్న ఒత్తిడి ఎవరికీ లేదు. దూరదర్శన్ చిహ్నం మెల్లగా తిరుగుతూ రూపుకట్టే దృశ్యం, దాని వెంట వచ్చే షెహనాయి రాగం ఇందుకు మంచి ఉదాహరణ. పండిట్ రవిశంకర్, ఉస్తాద్ అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్ కూర్చిన ఆ సంగీతం తొందర అనే మాట ఎరగనట్టు సాగుతుంది.

1984 జూలై 7న మొదలైన 'హమ్ లోగ్' భారతీయ సీరియల్‌కు ఒక రూపం ఇచ్చింది. 1987 జనవరి 25 నుంచి 1988 జూలై 31 వరకు ఆదివారం ఉదయం వచ్చిన 'రామాయణ్', 1988 అక్టోబరు 2 నుంచి 1990 జూన్ 24 వరకు వచ్చిన 'మహాభారత్' ఆ రూపాన్ని ఇంటింటికీ చేర్చాయి. మహేంద్ర కపూర్ కంఠంలో 'మహాభారత్' టైటిల్ పాట, దాని వెంట 'కాలం' అనే అదృశ్య కథకుడి మాటలు వచ్చేవి. అసలు కథ తర్వాతే. హిందీ రాని తెలుగు పల్లెల్లో సైతం ఆ పాటను జనం కూనిరాగం తీశారంటే ఆశ్చర్యం లేదు. వారం వారం, దాదాపు రెండేళ్లపాటు, ఏ మార్పూ లేకుండా విన్న పాట అది.

ఆదివారం టీవీ సామూహిక వ్యవహారమని కూడా గుర్తుంచుకోవాలి. టీవీ ఉన్న ఇంటికి వాడకట్టు అంతా వచ్చేది. టైటిల్ పాట ఇంటిలోపలి వారికంటే బయటివారికే ఎక్కువ ఉపయోగపడింది. డోలు చప్పుడు చేసిన పనినే అదీ చేసింది.

9.4 తెలుగు సీరియల్, తెలుగు పాట

1995లో జెమిని టీవీ, ఈటీవీ రావడంతో తెలుగు సీరియల్‌కు సొంత ఇల్లు దొరికింది. అయితే మొదటి పెద్ద టైటిల్ పాటలలో ఒకటి దూరదర్శన్ నుంచే వచ్చింది. యద్దనపూడి సులోచనారాణి నవల ఆధారంగా మంజులా నాయుడు దర్శకత్వం వహించిన 'ఋతురాగాలు' చూడనివారు కూడా ఆ పాటను ఎరుగుదురు. సంగీతం బంటి. భావగీతం వినిపించే పద్ధతిలో కూర్చిన ఆ పాటలో కథ చెప్పే ప్రయత్నం ఉండదు, కథ జరిగే వాతావరణం ఉంటుంది. ఆ తర్వాత ఇదే దర్శకురాలు జెమినిలో తీసిన 'చక్రవాకం' 2003లో మొదలై 2008 దాకా, 'మొగలిరేకులు' 2008 నుంచి 2013 దాకా నడిచాయి. 'మొగలిరేకులు' 1368 భాగాలు సాగింది.

2001 నవంబరు 18న జెమినిలో మొదలైన 'అమృతం' మరో దారి పట్టింది. గుణ్ణం గంగరాజు నిర్మించిన ఈ హాస్య సీరియల్‌కు సిరివెన్నెల సీతారామశాస్త్రి పాట రాశారు, కళ్యాణి మాలిక్ స్వరపరిచారు. కష్టాలను చూసి బెంబేలెత్తవద్దని స్నేహితుడికి చెప్పే ధోరణిలో ఉన్న పాట అది. సినిమా పాటకు పెట్టే శ్రద్ధనే టీవీ పాటకూ పెట్టిన సందర్భం. సీరియల్ 2007లో ముగిసినా పాట ముగియలేదు. 2020లో 'అమృతం ద్వితీయం' వచ్చినప్పుడు పాత ప్రేక్షకులు ముందుగా తలచుకున్నవాటిలో ఆ పాట ఒకటి.

ఈ పాటలు ఎవరి కోసం? ఇక్కడ ఒక స్థానిక ఉదాహరణ తీసుకుందాం. మంచిర్యాల జిల్లాలోని శ్రీరాంపూర్ సింగరేణి బొగ్గుగనుల ప్రాంతం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా ఏర్పడేదాకా ఇది ఆదిలాబాద్ జిల్లాలో భాగం. ఆర్‌కే 5, ఆర్‌కే 6, ఆర్‌కే 7 వంటి భూగర్భ గనులు, కార్మికుల క్వార్టర్లు, మూడు షిఫ్టుల జీవితం ఇక్కడి లక్షణాలు. సెకండ్ షిఫ్టుకు పోయిన మనిషి రాత్రి ఎనిమిది గంటల సీరియల్ చూడలేడు. ఫస్ట్ షిఫ్టు పడిన వారంలో మళ్లీ చూస్తాడు. అంటే కథ అతనికి ముక్కలు ముక్కలుగా అందుతుంది. ఇటువంటి ప్రేక్షకుడికి టైటిల్ పాట ఒక చేతికర్ర. ముఖాలు వరుసగా కనబడతాయి, ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో తెలుస్తుంది, ఎవరు చెడ్డవారో చూపులోనే అర్థమవుతుంది. అంతలో టీ గ్లాసు అందించిన భార్యో, కోడలో విడిచిపోయిన కథను రెండు ముక్కల్లో చెప్పేస్తుంది. క్వార్టర్ల వరుసలో గోడకు గోడ ఆనుకొని ఉంటుంది కనుక పక్కింట్లో పాట మొదలైతే ఇటువైపు తెలిసిపోతుంది. గనికి సైరన్ ఎలాగో, ఇంటి సాయంత్రానికి ఆ పాట అలాగు.

ఈ ఉదాహరణను అన్ని ఊళ్లకూ వర్తింపజేయవద్దు. వ్యవసాయం మీద ఆధారపడిన ఊరిలో సాయంత్రపు సమయం వేరుగా ఉంటుంది. అయినా పాట కేవలం అలంకారమని, దాన్ని తీసేస్తే ఏమీ పోదని అనుకోవడం పొరపాటని ఇది చూపిస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ప్రవేశ దరువుకు, సీరియల్ టైటిల్ పాటకు మధ్య మీకు కనిపించిన ఒక పోలికను, ఒక తేడాను నాలుగైదు వాక్యాలలో రాయండి.

9.5 పాట ఎందుకు కురచబారింది?

మామూలుగా వినిపించే జవాబు "ప్రకటనల కోసం" అని. ఇది సగమే నిజం. లెక్క వేసి చూద్దాం.

కేబుల్ టెలివిజన్ నిబంధనల ప్రకారం గంట ప్రసారంలో ప్రకటనలు 12 నిమిషాలకు మించకూడదు. వాటిలో 10 నిమిషాలు వ్యాపార ప్రకటనలకు, 2 నిమిషాలు ఛానల్ తన సొంత కార్యక్రమాల ప్రచారానికి. అంటే అరగంటలో 6 నిమిషాలు ప్రకటనలు పోతే సీరియల్‌కు 24 నిమిషాలు మిగులుతాయి. అందులో పాట నిమిషంన్నర, 'నిన్నటి భాగంలో' ఒక నిమిషం, 'తరువాయి భాగం' అర నిమిషం అనుకుంటే అసలు కథకు 21 నిమిషాలు. ఇప్పుడు పాటను 10 సెకన్లకు కుదిస్తే ఏమవుతుంది? ప్రకటనలకు పరిమితి ఉంది కనుక, నియమం పాటించే ఛానల్‌కు అక్కడ పెరిగేది ఏమీ లేదు. పెరిగేది కథ. రోజుకు 1 నిమిషం 20 సెకన్ల కథ అదనంగా చిత్రీకరించాలి. 1368 భాగాల సీరియల్‌లో ఇది 30 గంటలు దాటుతుంది.

టైటిల్ పాట నిర్మాతకు అత్యంత చవకైన నిమిషంన్నర అని దీన్నిబట్టి తెలుస్తుంది. ఒకసారి డబ్బు పెట్టి పాట చేయిస్తే వందల రోజులు వాడుకోవచ్చు. దాన్ని తగ్గించడమంటే ఖర్చు పెంచుకోవడం. ఖర్చు పెరిగినా తగ్గించారంటే అంతకంటే బలమైన కారణం ఏదో ఉండాలి. ఆ కారణం రిమోట్.

ఒక ఛానల్ ఉన్న ఇంట్లో పాట పిలుపు. వంద ఛానళ్లున్న ఇంట్లో అదే పాట సెలవు. 'ఇంకా నిమిషంన్నర ఉంది' అని తెలిసిన ప్రేక్షకుడు ఆ నిమిషంన్నరలో మరో ఛానల్‌కు వెళతాడు. వెళ్లినవాడు అక్కడే చిక్కుకోవచ్చు. ప్రేక్షకుల కొలత మరింత సూక్ష్మం కావడంతో ఈ భయం అంకెల రూపం దాల్చింది. ఎంపిక చేసిన ఇళ్లలో మీటర్లు పెట్టి లెక్కించే పద్ధతి 1990ల నుంచి ఉంది. 2015 నుంచి బార్క్ సంస్థ ఈ లెక్కలు ఇస్తోంది. ఏ నిమిషంలో ఎంతమంది ఉన్నారో తెలిసిన తర్వాత, జనం జారిపోయే నిమిషం ఏదో కూడా తెలిసిపోతుంది. ఆ నిమిషం మీదే కత్తెర పడింది.

దీనితోపాటు సీరియల్ ప్రారంభం వరుస మారింది. ముందు పాట, తర్వాత కథ అన్న పద్ధతి పోయి, ముందు ఒక ఘట్టం, ఆ ఘట్టం ఉత్కంఠలో ఉండగా పేరు, ఆ వెంటనే ప్రకటనలు అన్న పద్ధతి వచ్చింది. పేరు అప్పుడు తలుపు కాదు, గుమ్మం దాటాక కనబడే ఒక పలక మాత్రమే. రోజువారీ ప్రసారం కూడా తన పని తాను చేసింది. వారానికి ఒకసారి వినే పాట ముద్దు. వారానికి ఐదారుసార్లు వినే పాట నెల తిరక్కముందే విసుగు. ఆదా చేసిన సమయమంతా కథకే వెళ్లిందా అంటే, ఒకే చెంపదెబ్బకు అందరి ముఖాలను మూడేసి సార్లు ఉరుము శబ్దంతో చూపించే అలవాటు ఉన్నంతకాలం అవునని చెప్పడం కష్టం.

9.6 ఇతర దేశాల అనుభవం

అమెరికాలో ఈ మార్పు మనకంటే ముందే జరిగింది. 1993లో మొదలైన 'ఫ్రేజర్' హాస్య ధారావాహికలో ఆరంభం కొన్ని సెకన్ల పేరు పలకతో సరి. 1994లో ఎన్‌బీసీ సంస్థ చివరి పేర్లను తెరలో ఒక పక్కకు నొక్కి, మిగతా భాగంలో మరో దృశ్యం చూపడం మొదలుపెట్టింది. ఒక కార్యక్రమం ముగిసి మరొకటి మొదలయ్యే సందులో ప్రేక్షకుడు రిమోట్ పట్టుకోకూడదన్నది ఉద్దేశం. 2017లో నెట్‌ఫ్లిక్స్ ఆరంభాన్ని దాటవేసే బటన్ తెచ్చింది. రోజుకు 13.6 కోట్ల సార్లు ఆ బటన్ నొక్కుతున్నారని 2022లో ఆ సంస్థే ప్రకటించింది. అంతవరకు కత్తెర ఛానల్ చేతిలో ఉండేది. ఇప్పుడు అది ప్రేక్షకుడి వేలి కిందికి వచ్చింది.

ఇది ఆపలేని పరిణామమని తేల్చేయడానికి వీల్లేదు. జపాన్ యానిమేషన్ ధారావాహికలలో ఆరంభ గీతం నేటికీ సుమారు 90 సెకన్లు ఉంటుంది. కారణం కళాభిమానం ఒక్కటే కాదు. ఆ పాటను సంగీత సంస్థలు విడిగా విడుదల చేసి అమ్ముతాయి. ప్రతి భాగంలో వచ్చే ఆరంభమే దానికి ప్రచారం. అంటే పాటకు సొంత మార్కెట్ ఉన్నచోట పాట బతికింది. తెలుగులో సినిమా పాటకు మార్కెట్ ఉంది, సీరియల్ పాటకు ఏర్పడలేదు. 'ఋతురాగాలు', 'అమృతం' పాటలకు ఉన్న ఆదరణ చూస్తే ఏర్పడటానికి అవకాశం లేకపోలేదనిపిస్తుంది. ఆ ప్రయత్నం గట్టిగా జరగలేదు.

2020 లాక్‌డౌన్‌లో, మార్చి 28 నుంచి 'రామాయణ్' తిరిగి ప్రసారమైంది. ఏప్రిల్ 16 నాటి భాగాన్ని 7.7 కోట్ల మంది చూశారని దూరదర్శన్ ప్రకటించింది. నిదానమైన పాత ఆరంభాన్ని నేటి జనం భరించలేరన్న వాదానికి ఇది జవాబని కొందరు అంటారు. అప్పుడు జనం ఇల్లు కదలలేని స్థితిలో ఉన్నారు, కొత్త భాగాల చిత్రీకరణ ఆగిపోయింది. అసాధారణ పరిస్థితి నుంచి సాధారణ సూత్రం తీయడం చరిత్ర విద్యార్థి చేయవలసిన పని కాదు.

9.7 పేర్లు ఎటు పోయాయి?

పాట పోవడం కంటే పేర్లు పోవడమే పెద్ద నష్టమని ఈ పాఠం రచయిత అభిప్రాయం. పాట మీద పేర్లు పడేవి. రచయిత, కెమెరామన్, ఎడిటర్, మేకప్, కళాదర్శకుడు, ఆ పాట పాడినవారు, రాసినవారు అందరూ ఆ నిమిషంన్నరలో కనబడేవారు. ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు కొడుకు హైదరాబాద్‌లో ఏ పని చేస్తున్నాడో సాక్ష్యంగా చూపే చోటు అదే. పాట తగ్గగానే ఆ పేర్లు మొదటి ఘట్టం నడుస్తుండగా తెర అడుగున పరుగెత్తసాగాయి. అప్పుడు చూపు సంభాషణ మీద ఉంటుంది, అడుగున ఉండదు. కొన్నిచోట్ల నిర్మాత, దర్శకుడు తప్ప మిగతావారు కనబడరు.

చట్టం ఈ విషయంలో మౌనంగా ఏమీ లేదు. 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం రచన తనదేనని చెప్పుకునే హక్కు రచయితకు ఉంది. హక్కులను డబ్బుకు బదిలీ చేసినా ఇది పోదు. 2012 సవరణతో చేర్చిన 38బి సెక్షన్ నటులు, గాయకుల వంటి ప్రదర్శకులకు కూడా తమ ప్రదర్శనకు తామే కర్తలుగా గుర్తింపు పొందే హక్కు ఇచ్చింది. అయితే ప్రదర్శనను వాడే తీరే పేరు వదిలేయక తప్పని పరిస్థితి కల్పిస్తే మినహాయింపు ఉంటుందని కూడా అదే సెక్షన్ చెబుతుంది. పది సెకన్ల టైటిల్‌లో ఎవరి పేరు పట్టదు, ఎవరి పేరు పట్టించాలి అన్న వివాదానికి ఈ వాక్యం దగ్గరే తలుపు తెరుచుకుంటుంది. కెమెరా, ఎడిటింగ్, మేకప్ వంటి పనులు చేసేవారికి ఈ రెండు సెక్షన్ల రక్షణ కూడా మామూలుగా అందదు. వారికి ఒప్పందమూ, యూనియనూ, పరిశ్రమ ఆనవాయితీయే దిక్కు. ఆనవాయితీకి ఆధారం పాట నిడివి. అది పోయినప్పుడు చట్టంలో పేరు లేనివారే ముందు కనుమరుగయ్యారు.

9.8 ఆధారాలు, క్షేత్రకార్యం

ఈ విషయం మీద పనిచేయదలచిన విద్యార్థికి ఆధారాలు సులభంగా దొరుకుతాయని అనిపిస్తుంది. పాత సీరియళ్లు యూట్యూబ్‌లో ఉన్నాయి కదా! ఇక్కడే జాగ్రత్త అవసరం. తర్వాతి కాలంలో పెట్టిన వీడియోలలో టైటిల్ పాటను తరచు కత్తిరిస్తారు. అక్కడ పాట లేదంటే ప్రసారంలోనూ లేదని అర్థం కాదు. మరో చిక్కు, ఒకే సీరియల్‌లో పాట నిడివి ఎప్పుడూ ఒకటిగా ఉండదు. మొదటి వారాలలో పూర్తిగా వినిపించిన పాట వందో భాగానికి పల్లవికి, ఐదువందల భాగానికి ఒక పాదానికి కుదించుకుపోవచ్చు. కాబట్టి ఒక్క భాగం చూసి కొలత రాయకూడదు. ఒకే సీరియల్ నుంచి దూరదూరంగా ఉన్న కనీసం ఐదు భాగాలు తీసుకోవాలి.

జ్ఞాపకాలు రెండో ఆధారం. శ్రీరాంపూర్, నస్పూర్, మంచిర్యాల ప్రాంత విద్యార్థులు గని క్వార్టర్లలో 1990ల నుంచి ఉన్న కుటుంబాలతో మాట్లాడవచ్చు. "పాట ఎంత సేపు వచ్చేది?" అని అడిగితే నిజానికంటే పెద్ద అంకె వచ్చే అవకాశం ఉంది. ఇష్టమైన పాట జ్ఞాపకంలో పొడుగవుతుంది. దానికి బదులు "పాట వచ్చేటప్పుడు మీరు ఏ పని చేసేవారు?" అని అడగండి. పొయ్యి మీది అన్నం దించడమో, పిల్లవాడిని పక్కింటి నుంచి పిలవడమో, షిఫ్టు దిగిన మనిషికి నీళ్లు తోడి పెట్టడమో జవాబుగా వస్తుంది. ఆ పనికి పట్టే సమయాన్ని లెక్కిస్తే పాట నిడివికి మరో కొలత దొరుకుతుంది. మాట్లాడినవారి వయసు, అప్పటి షిఫ్టు, ఇంట్లో టీవీ వచ్చిన సంవత్సరం తప్పక నమోదు చేయండి. వారి పేరు వాడాలంటే అనుమతి అడగండి. చివరగా, వారికి గుర్తున్న ఒక సీరియల్ పాటను ఎవరు రాశారో, ఎవరు పాడారో అడిగి, వచ్చిన జవాబును వచ్చినట్టే రాసుకోండి. తెలియదన్న జవాబును కూడా వదిలేయవద్దు.